అధికరణంగా మిగిలిన ఆస్పరి: ఆంధ్రప్రదేశ్ విద్యుత్ విధాన చర్చపై ఒక భాషావిమర్శ

వ్యాససంగ్రహం:

ఆంధ్రప్రదేశ్‌లో గత పాతికేళ్లుగా సాగుతున్న విద్యుత్ విధాన చర్చను ఆర్థిక, రాజకీయ దృష్టితో పరిశీలించిన రచనలు ఉన్నాయి. ఆ చర్చ నడిచిన భాషను విమర్శ దృష్టితో చూసినవి తక్కువ. సంస్కరణ, ఉచితం, పునఃసమీక్ష, పెట్టుబడి అనే నాలుగు మాటల చుట్టూ ఈ చర్చ ఎలా తిరిగిందో, కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతం, ముఖ్యంగా ఆస్పరి, ఈ వాక్యాలలో ఏ కారకంగా నిలిచిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విద్యుత్తు పుట్టే చోటుకు చర్చలో అధికరణ స్థానమే తప్ప కర్తృస్థానం దక్కలేదనీ, ఇది కేవలం శైలీదోషం కాక చట్టంలోని లోపానికి ప్రతిబింబమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విద్యుత్ సంస్కరణలు, ఉచిత విద్యుత్తు, పవన విద్యుత్తు, కారకం, ఆస్పరి, రాయలసీమ

1. ఉపోద్ఘాతం

గుంతకల్లు నుంచి ఆదోని మీదుగా రాయచూరు వెళ్లే రైలు మార్గంలో ఆస్పరి ఒక స్టేషను. ఆలూరు శాసనసభ నియోజకవర్గంలోని ఈ మండలం ప్రధానంగా వర్షాధారం. పత్తి, వేరుశనగ, కంది, ఉల్లి, టమాటా ఇక్కడి పంటలు. వాన మొహం చాటేసిన ఏడాది ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆలూరు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు తరలివెళ్తాయి. ఈ వలసను ఇక్కడివారు ‘సుగ్గి’ అంటారు. కన్నడంలో పంటకోతల కాలాన్ని, ఆ కాలపు పండుగ సంబరాన్ని సూచించే మాట సరిహద్దు దాటి వచ్చి ఊరు విడిచిపోవడానికి పేరైంది. ఈ ప్రాంతపు చరిత్రను ఆ ఒక్క అర్థపరిణామంలో చదువుకోవచ్చు.

ఇదే నేల మీద గత దశాబ్దంన్నరలో గాలిమరలు లేచాయి. ఆస్పరి, ఆలూరు పరిసరాల మెట్టభూములలో నిలిచిన ఆ స్తంభాలు తయారుచేసే విద్యుత్తు రాష్ట్ర రాజకీయాలలో పెద్ద వివాదాలకు కారణమైంది. ప్రభుత్వాలు మారాయి, ఒప్పందాలు న్యాయస్థానాలకెక్కాయి, ధరల మీద శాసనసభ దద్దరిల్లింది. ఇంత చర్చలో ఆస్పరి ఏ రూపంలో వినిపించింది అన్నది ఈ వ్యాసం వేసుకునే ప్రశ్న.

దీనికి తెలుగు వ్యాకరణ సంప్రదాయంలోని కారక విచారమే ఉపకరణం. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో కారకానికి ఒక పరిచ్ఛేదమే కేటాయించాడు. కర్త, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం అనే ఆరూ క్రియతో నామానికి గల సంబంధాన్ని తెలిపేవి. ఎవరు చేశారు, దేన్ని చేశారు, దేనితో, ఎవరికి, ఎక్కడి నుంచి, ఎక్కడ అనే ప్రశ్నలను విధాన చర్చకు వేస్తే ఆ చర్చలో అధికారం ఎవరి వద్ద ఉందో తేలుతుంది. కింద చూపే ఉదాహరణ వాక్యాలు చర్చలో తరచు కనిపించే వాక్యరూపాలే. ఏ ఒక్కరి ప్రకటన నుంచీ ఉద్ధరించినవి కావు.

2. ‘సంస్కరణ’: కర్త లోపించిన వాక్యం

1998లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఉత్పత్తి సంస్థగా, సరఫరా సంస్థగా విడిపోయింది. అదే ఏడాది విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. ప్రపంచబ్యాంకు రుణ సహాయం ఈ మార్పులకు నేపథ్యం. 2000లో ఛార్జీలు భారీగా పెరిగాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసులు జరిపిన కాల్పులలో ముగ్గురు మరణించారు.

‘సంస్కరణ’ తెలుగులో సామాన్యమైన మాట కాదు. వీరేశలింగం కాలం నుంచి సంఘ సంస్కరణ అనే పదబంధంతో పెనవేసుకుని నైతిక గౌరవాన్ని సంపాదించుకున్న మాట. సంస్కరణను కాదన్నవాడు ఛాందసుడు అనే భావన తెలుగు పాఠకుడి మనసులో ముందే ఉంది. సంస్థల విభజనకూ ఛార్జీల పెంపునకూ ఈ మాటను తొడగడంతో ఆర్థిక నిర్ణయానికి నైతిక బలం అరువుగా లభించింది. వ్యతిరేకించినవారు నిర్ణయాన్ని ప్రశ్నించడానికి ముందు, తాము అభివృద్ధి నిరోధకులం కాదని చెప్పుకోవలసి వచ్చింది.

ఈ దశలోని వాక్యనిర్మాణం కూడా గమనించదగినది. ‘ఛార్జీలు సవరించబడ్డాయి’, ‘సబ్సిడీ హేతుబద్ధం చేయబడుతుంది’ వంటి కర్మణి ప్రయోగాలు తెలుగు నుడికారానికి సహజమైనవి కావు. పరిపాలన భాష వాటిని అలవాటు చేసింది. కర్మణి వాక్యంలో కర్తను చెప్పకుండానే వాక్యం పూర్తవుతుంది. ఛార్జీ పెంచినది ప్రభుత్వమా, నియంత్రణ మండలా, రుణదాత షరతా అన్న ప్రశ్నకు వాక్యంలో జవాబు దొరకదు. బషీర్‌బాగ్ నిరసనలో పలికినది కర్తరి వాక్యం: మీరు పెంచారు, మేము కట్టం. ఆ వాక్యం ప్రభుత్వాన్ని తిరిగి కర్తృస్థానంలో నిలబెట్టింది. 2004 ఎన్నికల ఫలితానికి కారణాలు అనేకం. వాటిలో విద్యుత్ ఛార్జీలు ఒకటన్నది రాజకీయ పరిశీలకులు విస్తృతంగా అంగీకరించిన విషయమే.

3. ‘ఉచితం’: సంప్రదానం ఎవరికి?

2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రం మీద తొలి సంతకం చేశారు. అంతకుముందు 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం అశ్వశక్తికి ఏడాదికి 50 రూపాయల రుసుము పద్ధతిని అమలు చేసింది. రెండు నిర్ణయాలకూ రైతే కేంద్రం. ‘రైతుకు ఉచిత విద్యుత్తు’ అన్న పదబంధంలో రైతు రూపంలో షష్ఠి, అర్థంలో సంప్రదానం. ఇచ్చేది ప్రభుత్వం, పుచ్చుకునేది రైతు.

‘ఉచితం’ అనే మాట చరిత్ర ఇక్కడ ప్రస్తావించక తప్పదు. సంస్కృతంలో ఉచితమంటే తగినది. క్షేమేంద్రుని ఔచిత్య సిద్ధాంతానికి మూలం ఆ అర్థమే. తెలుగు వాడుకలో అది ‘వెల లేనిది’ అయింది. అర్థపరిణామం భాషకు సహజం, ఆక్షేపించవలసింది లేదు. అయితే విధాన చర్చలో కొత్త అర్థం పాత అర్థాన్ని పూర్తిగా మింగివేసింది. విద్యుత్తు వెల లేకుండా ఇవ్వాలా, వద్దా? ఏడు గంటలా, తొమ్మిది గంటలా? పగలా, రాత్రా? మీటరు పెట్టాలా, వద్దా? చర్చ ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్నల మధ్యే తిరిగింది. ఏ నేలకు ఏది తగినది అన్న పాత అర్థపు ప్రశ్న వెనుకబడిపోయింది.

ఆస్పరి దృష్టితో చూస్తే ఆ ప్రశ్నే ముఖ్యం. ఉచిత విద్యుత్తు మోటారుకు అందుతుంది. మోటారు ఉండాలంటే బోరు ఉండాలి, బోరులో నీరు ఉండాలి. వర్షాధారపు చేనున్న రైతుకు ఈ రాయితీలో నేరుగా దక్కేది లేదు. అప్పు చేసి బోరు వేసి నీరు పడని రైతు సంగతి ఇంకా దుర్భరం. అతడికి అప్పు మిగిలింది, ఉచితం అందలేదు. అంటే ‘రైతుకు’ అన్న సంప్రదానం రైతులందరినీ కలుపుకున్నట్టు వినిపించినా, ఆచరణలో నీరున్న రైతుకే పరిమితం. మెట్ట సేద్యానికి తగిన సహాయం పంట బీమానా, చెరువుల మరమ్మతా, తుంగభద్ర దిగువ కాలువ నీటి వాటానా అన్నది వేరే చర్చగా ఉండిపోయింది. ఉచిత విద్యుత్తును తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. మోటారు మీద బతికే లక్షల కుటుంబాలకు అది ఆసరా. వేలెత్తి చూపవలసింది ‘రైతు’ అన్న ఏకవచనం దాచిపెట్టిన తేడాలను.

4. ‘పునఃసమీక్ష’: ఇద్దరు కర్తల తగాదా

2015 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం పవన విద్యుత్ విధానాన్ని ప్రకటించింది. అయిదేళ్లలో కనీసం 4,000 మెగావాట్ల సామర్థ్యం లక్ష్యం. నియంత్రణ మండలి అదే ఏడాది చేసిన నిబంధనల ప్రకారం నిర్ణయించిన ధరకు, సుమారు యూనిట్‌కు ₹4.84కు, పంపిణీ సంస్థలు 25 ఏళ్ల కొనుగోలు ఒప్పందాలు చేసుకున్నాయి. 2017లో దేశంలో పవన విద్యుత్తుకు వేలం పద్ధతి వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి వేలంలో ₹3.46గా ఉన్న ధర డిసెంబరులో గుజరాత్ వేలానికి వచ్చేసరికి ₹2.43కు పడిపోయింది.

2019లో అధికారంలోకి వచ్చిన వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం పాత ఒప్పందాలు ప్రజల మీద భారమని వాదించింది. జూలై 1న జి.ఓ. 63 ద్వారా ధరల చర్చలకు ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించింది. ఉత్పత్తిదారులు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబరు 24న ఏకసభ్య ధర్మాసనం జి.ఓ.ను కొట్టివేస్తూనే, ధర విషయం నియంత్రణ మండలి తేల్చేవరకు పవన విద్యుత్తుకు ₹2.43, సౌర విద్యుత్తుకు ₹2.44 చొప్పున తాత్కాలికంగా చెల్లించాలని చెప్పింది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఆ తాత్కాలిక ధరను తోసిపుచ్చి, ఒప్పందంలోని ధర ప్రకారమే బకాయిలు చెల్లించాలని తీర్పు ఇచ్చింది.

ఈ వివాదంలో ఇరుపక్షాలకూ గట్టి వాదనలు ఉన్నాయి. ధర పడిపోయాక కూడా పాత ధరే కట్టడం పంపిణీ సంస్థలకు, చివరకు వినియోగదారుడికి భారం. మరోవైపు, ప్రభుత్వం మారినప్పుడల్లా ఒప్పందం మారితే రాష్ట్రం మాటకు విలువ ఉండదు. ఆ అపాయానికి భవిష్యత్తు ధరలలో మూల్యం చెల్లించవలసి వస్తుంది. పైగా వేలంలో పలికిన ధర కొత్త స్థాపనలది. పాత స్థాపనలు వేరే ఖర్చుల లెక్క మీద నిలిచినవి. న్యాయస్థానం ఒప్పందపు పవిత్రతను నిలబెట్టడం చట్టం దృష్టిలో అర్థం చేసుకోదగినదే.

అయినా వివాదం మొత్తంలో వినిపించిన కర్తలు ఇద్దరే: కొనేవాడు, అమ్మేవాడు. కొనేవాడి వెనుక ‘ప్రజలు’ అన్న మాట ఉంది. అక్కడ ప్రజలంటే బిల్లు కట్టేవారు. అమ్మేవాడి వెనుక ‘పెట్టుబడిదారుల విశ్వాసం’ ఉంది. ₹4.84కూ ₹2.43కూ మధ్య నలిగిన యూనిట్ ఏ చేను పక్కన పుట్టిందో, ఆ చేనున్న ఊరికి అందులో ఎన్ని పైసలు చెందాలో అడిగిన పక్షం లేదు. ఆస్పరి ‘కర్నూలు జిల్లాలో’ అన్నప్పుడు అధికరణంగా, ‘అక్కడి నుంచి గ్రిడ్‌కు’ అన్నప్పుడు అపాదానంగా మాత్రమే కనిపించింది. గాలి కరణం, గాలిమర కరణం, గ్రామం అధికరణం. కర్తృత్వం మరెక్కడో ఉంది.

5. ‘పెట్టుబడి’: ఖాళీగా చూపిన నేల

2024 అక్టోబరులో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానాన్ని ప్రకటించింది. 160 గిగావాట్లకు పైగా సామర్థ్యం, 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యాలు. 2015లో లక్ష్యం మెగావాట్లలో ఉంది. ఇప్పుడు దానికి పెట్టుబడి రాశి, ఉద్యోగాల సంఖ్య తోడయ్యాయి. విధానం సామర్థ్య ప్రణాళిక దశ దాటి పెట్టుబడుల ఆహ్వానపత్రంగా మారిందనడానికి ఈ అంకెల కూర్పే సాక్ష్యం.

ఆహ్వానపత్రానికి ఒక భాషా అవసరం ఉంటుంది. ఆహ్వానించే చోటు ఖాళీగా కనిపించాలి. ‘బంజరు’, ‘నిరుపయోగ భూమి’, ‘అపారమైన పవన సామర్థ్యం’ వంటి మాటలు ఆ పని చేస్తాయి. రెవెన్యూ రికార్డులో బంజరు అయిన నేల పల్లె జీవితంలో గొర్రెల మేత, కట్టెపుల్ల, దారి. రాయలసీమ కరువు సాహిత్యం ఈ నేలను ఎన్నడూ ఖాళీగా చూపలేదు. విద్వాన్ విశ్వం పెన్నేటి పాటలో ఎండిన నేలకు చరిత్ర ఉంది, దుఃఖం ఉంది, మనుషులు ఉన్నారు. ఒకే భూమిని సాహిత్యం నిండుగా, విధానపత్రం ఖాళీగా వర్ణించడం కేవలం ప్రక్రియాభేదం కాదు. ఏ వర్ణన ఆధారంగా నిర్ణయం జరుగుతుందో ఆ వర్ణనకే ఫలితం ఉంటుంది.

ఇదే కాలంలో మరో మాట బిల్లులలో స్థిరపడింది: ‘సర్దుబాటు ఛార్జీ’. సర్దుబాటు ఇంటి మాట. ఉన్నదాంట్లో సర్దుకోవడం తెలుగు కుటుంబంలో గుణంగా చెల్లుతుంది. ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చులలోని తేడాను తర్వాతి నెలలలో వసూలు చేయడానికి ఈ మాట వాడినప్పుడు సర్దుకునేది ఎవరన్నది చెప్పనక్కర లేకుండా పోయింది. ప్రతిపక్షంలో ఉన్నవారు దీన్ని దోపిడీ అనడం, అధికారంలోకి వచ్చాక గత పాలకుల పాపం అనడం రెండు ప్రధాన పక్షాలూ చేసినదే. పక్షాలు స్థానాలు మార్చుకున్నాయి, వాక్యాలు మాత్రం మారలేదు.

6. చట్టంలోని లోపం, భాషలోని లోపం

పరిపాలన భాష ఎక్కడైనా ఇలాగే ఉంటుందనీ, కారక విచారంతో విధానాన్ని తూచడం అతి అనీ అభ్యంతరం రావచ్చు. భాషలో కనిపించే లోపం చట్టంలోనూ యథాతథంగా కనిపిస్తుందన్నది దానికి సమాధానం.

జల విద్యుత్ ప్రాజెక్టు కట్టిన రాష్ట్రానికి 12 శాతం ఉచిత విద్యుత్తు ఇవ్వడం జాతీయ విధానంలో ఉంది. 2008 జల విద్యుత్ విధానం స్థానిక ప్రాంతాభివృద్ధికి మరో ఒక శాతం కేటాయించింది. ఖనిజం తవ్విన జిల్లాకు 2015 గనుల చట్ట సవరణ ద్వారా జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. అంటే నీరు, ఖనిజం విషయంలో ‘ఆ చోటుకు ఇంత’ అన్న సంప్రదాన వాక్యం చట్టంలో ఉంది. గాలికి అటువంటి జాతీయ నిబంధన లేదు. కౌలు, పరిహారం గాలిమర పునాది పడిన భూమి యజమానికి అందుతాయి; పక్క చేనువాడికి, భూమిలేని కూలీకి, పంచాయతీకి చట్టబద్ధమైన వాటా లేదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పట్టికలో పవన విద్యుత్ ప్రాజెక్టులు లేవు. అందువల్ల దాని కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ కూడా వీటికి తప్పనిసరి కాదు. ఊరు మాట్లాడవలసిన సందర్భాన్నే చట్టం కల్పించలేదు.

2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ధరల నిర్ణయానికి ముందు నియంత్రణ మండలి ప్రజల సూచనలు, అభ్యంతరాలు పరిశీలించాలి. మండలి కార్యాలయం 2023లో కర్నూలుకు మారింది. ఆస్పరి వాసికి మండలి భౌగోళికంగా దగ్గరైంది. కాని ఆ విచారణలలో చర్చ ధర చుట్టూ నడుస్తుంది. హాజరైన పౌరుడు ప్రధానంగా వినియోగదారుడు. ఉత్పత్తి ప్రాంతవాసి అన్న హోదా ఆ చట్టం పదజాలంలో లేదు. ఉత్తర్వులు ఇంగ్లీషులో వెలువడుతుండగా ‘కరెంటు’ అని మాట్లాడే మనిషికి అందులో చోటు దొరకడం మరింత కష్టం.

చోటుకు హక్కు ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. డెన్మార్క్ 2009 నుంచి దశాబ్దానికి పైగా అమలుచేసిన చట్టంలో కొత్త గాలిమరల వాటాలలో కనీసం 20 శాతం 4.5 కిలోమీటర్ల పరిధిలోని నివాసులకు ముందుగా అమ్మజూపాలని నిబంధన ఉండేది. తర్వాత ఆ దేశం వేరే ప్రయోజన పద్ధతులకు మళ్లింది. సుగ్గికి పోయే కుటుంబం వాటా కొనలేదు కాబట్టి ఆ నమూనా ఆస్పరికి యథాతథంగా సరిపడదు. యూనిట్‌కు ఇన్ని పైసలని పంచాయతీకి లేదా మండల నిధికి జమ చేసే పద్ధతి ఇక్కడికి ఎక్కువ ఉచితం. ఈ మాటను పాత అర్థంలోనే గ్రహించాలి. దానివల్ల విద్యుత్ ధర పెరుగుతుందనే వాదన వస్తుంది. ఆ పెరుగుదల ఎంత, దాన్ని ఎవరు భరించాలి అన్నది నియంత్రణ మండలి ముందు బహిరంగంగా తేలవలసిన విషయం. ఇంతవరకు ఆ ప్రశ్న చర్చలోకే రాలేదు.

7. కర్తగా నిలిచిన సందర్భం

ఈ ప్రాంతం ఎన్నడూ కర్త కాలేదనడం సరికాదు. 2024 నవంబరులో ఆస్పరికి పొరుగున ఉన్న దేవనకొండ మండలంలో, కప్పట్రాళ్ల అటవీ ప్రాంతంలో యురేనియం అన్వేషణకు తవ్వకాల ప్రతిపాదన వెలుగులోకి వచ్చింది. చుట్టుపక్కల గ్రామాల ప్రజలు రోడ్డెక్కారు. తవ్వకాలు జరగవని అధికార యంత్రాంగం ప్రకటించవలసి వచ్చింది. యురేనియం కూడా విద్యుత్తు కోసమే. ఈ సందర్భంలో మాత్రం ‘మా ఊరు’ వాక్యానికి కర్త అయింది. ‘మేము ఒప్పుకోం’ అన్న క్రియకు ప్రభుత్వం జవాబు చెప్పింది.

ఈ రెండు సందర్భాల భేదం ఆలోచింపజేస్తుంది. యురేనియం భయాన్ని తెచ్చింది, గాలిమర తేలేదు. భయం ఊరికి గొంతు ఇచ్చింది. గాలిమరను ఊరు వ్యతిరేకించవలసిన పనిలేదు. వాతావరణ మార్పుల కాలంలో దాని అవసరం కాదనలేనిది. కాని వ్యతిరేకించినప్పుడే ఊరు కర్త కాగలుగుతుందంటే, సమ్మతించిన ఊరికి చర్చలో స్థానం లేనట్టే. ప్రమాదాన్ని వద్దనే హక్కుతో పాటు ప్రయోజనంలో వాటా అడిగే హక్కు కూడా ఉండాలి. మొదటిదానికి కప్పట్రాళ్లలో మాటలు దొరికాయి. రెండోదానికి తెలుగు రాజకీయ భాషలో ఇంకా మాటలు స్థిరపడలేదు.

8. ముగింపు

సంస్కరణ అన్నప్పుడు కర్త దాగాడు. ఉచితం అన్నప్పుడు సంప్రదానం నీరున్న రైతు దగ్గర ఆగింది. పునఃసమీక్షలో కొనేవాడు, అమ్మేవాడు తప్ప మూడో పక్షం లేదు. పెట్టుబడి అన్నప్పుడు నేల ఖాళీ అయింది. ఈ నాలుగు దశలలోనూ పక్షాల వైరం తీవ్రమైనదే అయినా వాక్యనిర్మాణంలో వాటి మధ్య భేదం లేదు. విద్యుత్తు పుట్టే చోటు అధికరణంగానే ఉండిపోయింది.

విధానపత్రాలను, జి.ఓ.లను, ధరల ఉత్తర్వులను తెలుగు శాఖలు పాఠ్యాలుగా చదవడం ఇంకా బలపడవలసిన పరిశోధన రంగం. ఆ పత్రాలు కోట్లమంది జీవితాలను నిర్ణయిస్తున్నాయి కనుక వాటి భాషను పరిశీలించే బాధ్యత సాహిత్య విమర్శకూ ఉంది. ఆస్పరి గాలి రాష్ట్రపు దీపాలు వెలిగిస్తున్నది. ఆ దీపాలకు ధర నిర్ణయించే వాక్యంలో ఆస్పరి ప్రథమావిభక్తిలో కనిపించే రోజున, సుగ్గికి పోయే కుటుంబానికి ఊళ్లో నిలవడానికి ఒక కారణం దొరకవచ్చు.